‘మీరు ఒక్కరే కదా!’ అంటే...

విజయవాడ భవానీపురం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే రాశారు. వయసు యాభై ఎనిమిది. వారు పోయి నాలుగేళ్లయిందట. అమ్మాయీ అల్లుడూ జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అమ్మాయికి పురుడు పొయ్యడానికి మూడు నెలలు ఉండేలా వెళ్తున్నారు. తిరిగి వచ్చే ముందు ఒక శని, ఆదివారాలకి, అక్కడి తెలుగువాళ్లు బస్సు మాట్లాడుకుని వెళ్లే ప్రాగ్ నగరం టూరుకి ఈవిడని పంపుతామంటున్నారు. పసిబిడ్డతో అమ్మాయి రాలేదు. అల్లుడు ఇంట్లో ఉండక తప్పదు. అంటే ఈవిడ ఒక్కరే.

“వెళ్లాలని నాకూ ఉంది. కానీ అందరూ జంటలూ, పిల్లలూ ఉన్న బస్సులో నేనొక్కదాన్నే ఎలా? ‘ఈ వయసులో ఒక్కదానివీ ఊళ్లు తిరగడమేమిటి వదినా, నలుగురూ ఏమనుకుంటారు’ అని మా ఆడపడుచు అంటోంది. వెళ్లమంటారా, మానమంటారా?” అని అడిగారు.

వెళ్లండి. మూడు నెలలపాటు పత్యం వంటలు చేసి, పసివాడికి నీళ్లు పోసి, రాత్రిళ్లు నిద్ర కాచిన మనిషికి రెండు రోజులు తనవి అనుకునే హక్కు ఉంది. మీ ఆడపడుచుగారికి ఒక్క మాట చెప్పండి. కార్తీక మాసంలో మన ఆర్టీసీవాళ్లు విజయవాడ నుంచి పంచారామాల బస్సులు వేస్తారు కదా! అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చుట్టి వచ్చే ఆ బస్సుల్లో ఒక్కరూ వచ్చే ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో! కాశీ, రామేశ్వరం యాత్ర బస్సుల్లోనూ అంతే. వాళ్లని ఎవరూ ఏమీ అనరు. పైగా పుణ్యం అంటారు. గుడి కోసం వెళితే లేని తప్పు, ఊరు చూడటానికి వెళితే ఎందుకొస్తుంది?

అసలు గుంపుగా టూరు వెళ్లే పద్ధతి ఆడవాళ్లకు అచ్చొచ్చింది. 1841 జూలై 5న ఇంగ్లండులో థామస్ కుక్ అనే ఆయన ఓ ఐదు వందల మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా రైల్లో తీసుకువెళ్లి తీసుకువచ్చాడు. మనిషికి ఒక షిల్లింగు. ఒక్కరోజు ప్రయాణమే. 1863లో ఆయనే స్విట్జర్లాండుకి గుంపును తీసుకువెళ్లినప్పుడు అందులో జెమిమా మోరెల్ అనే యువతి తన ప్రయాణమంతా డైరీలో రాసుకుంది. మగతోడు లేకుండా గడప దాటకూడదనే ఆ రోజుల్లో, గుంపు ఉంది కదా అన్న ధైర్యంతో ఎందరో ఆడవాళ్లు ఊళ్లు చూశారు. మన తెలుగావిడ పోతం జానకమ్మ 1870లలోనే ఇంగ్లండు చూసి వచ్చి, ఆ సంగతులు 1876లో పుస్తకంగా వేశారు. కాబట్టి మీరేం కొత్తగా చేస్తున్నది లేదు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. అది దొంగల భయమో, దారి తప్పుతామన్న భయమో కాదు. ‘మీరు ఒక్కరే కదా!’ అనే మాట. టూరు మొదలైంది మొదలు ఆ మాట నాలుగు రకాలుగా ఎదురవుతుంది. నాలుగింటికీ ముందే జవాబు సిద్ధం చేసుకోండి.

గది దగ్గర

టూరు కాగితంలో వేసే ధర మామూలుగా ‘ట్విన్ షేరింగ్’ ధర. అంటే ఇద్దరు ఒక గదిలో ఉంటారని లెక్క వేసి, ఒక మనిషికి ఎంతో రాస్తారు. ఒక్కరే గది తీసుకుంటే అదనంగా కట్టాలి. దాన్నే ‘సింగిల్ సప్లిమెంట్’ అంటారు. జంటగా వెళ్లే వాళ్లకి ఆ మాటే కనబడదు. మనకి మాత్రం బిల్లు దగ్గర తెలుస్తుంది. అందుకని డబ్బు కట్టకముందే “ఒక్కరికి మొత్తం ఎంత?” అని అడగండి.

అదనం ఎక్కువనిపిస్తే, గది పంచుకునే ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని అడగవచ్చు. ఆవిడ వయసెంత, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, గురక సంగతేమిటి అని అమ్మాయి చేత ఫోను చేయించి ముందే మాట్లాడుకోండి. మొహమాటం పడితే రాత్రంతా జాగరణే. ‘చివర్లో సర్దుతాం లెండి’ అంటే మాత్రం ఒప్పుకోకండి. చివర్లో సర్దడమంటే ఎవరో కుటుంబం గదిలో పిల్లల పక్కన అదనపు మంచం. హోటలే లేకుండా రాత్రంతా బస్సులో నడిపించే టూర్లు కూడా ఉంటాయి. చవగ్గా ఉంటాయి గానీ యాభై దాటిన నడుముకి అవి పనికిరావు.

సీటు దగ్గర

“ఆంటీ, మీరు ఒక్కరే కదా, కాస్త వెనక్కి జరుగుతారా? మా ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం.” బస్సెక్కగానే వినబడే మాట ఇదే. ఒకసారి జరిగితే రెండు రోజులూ చక్రం మీది సీటే మీకు గతి. జర్మనీలో డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ సుమారు 150 కిలోమీటర్లు. మనకి విజయవాడ నుంచి రాజమండ్రి అంత. అదే బెర్లిన్ నుంచయితే దాదాపు 350 కిలోమీటర్లు, అంటే విశాఖపట్నం అంత. ఆ దూరం కుదుపుల్లో కూర్చోవడం తేలిక కాదు.

టిక్కెట్టు తీసుకున్న రోజే ముందు వరసలో కిటికీ సీటు కావాలని రాయించుకోండి. ఎవరైనా అడిగితే నవ్వుతూనే, “అవునమ్మా, ఒక్కదాన్నే. అందుకే ముందుగా అడిగి తీసుకున్నాను” అనండి. పోట్లాట లేదు, సణుగుడు లేదు. చంటిపిల్లతో ఉన్న తల్లి అడిగితే మీరే లేచి ఇస్తారు, అది వేరే సంగతి. ఇవ్వడం మీ ఇష్టంగా ఉండాలి, అంతే.

సంచుల దగ్గర

“పిన్నిగారూ, మీరు ఒక్కరే కదా, ఇక్కడే కూర్చుంటారు కదా, ఈ సంచులు చూస్తూ ఉండండి. ఇప్పుడే వస్తాం.” ఈ ‘ఇప్పుడే’ ముప్పావుగంట అవుతుంది. వాళ్లు కోట చూసి వచ్చేసరికి మీకిచ్చిన ఖాళీ సమయం అయిపోతుంది. ఒకసారి, పది నిమిషాలకి సరే. రెండోసారి “నేనూ చూసొస్తానమ్మా, మీ సంచి బస్సులో పెట్టేయండి” అని చెప్పి లేవండి. పైగా పరాయి సంచికి కాపలా ఉండడం ఏ దేశంలోనూ మంచిది కాదు. అందులో ఏముందో మనకేం తెలుసు?

ఫొటోల దగ్గర

అందరి ఫొటోలూ మీ చేతే తీయిస్తారు. మీ ఫొటో ఒక్కటీ ఉండదు. ఇంటికొచ్చాక అమ్మాయి అడిగితే చూపించడానికి వంతెనలూ మేడలూ తప్ప మీరుండరు. కాబట్టి ఒక ఫొటో తీస్తే, వెంటనే మీ ఫోను వాళ్ల చేతికిచ్చి “ఇప్పుడు నాదొకటి” అనండి.

కాగితాల సంగతి

జర్మనీకి ఇచ్చిన షెన్‌జెన్ వీసా ఉంటే ప్రాగ్ ఉన్న చెక్ దేశానికి వేరే వీసా అక్కర్లేదు. 2025 జనవరి నుంచి ఆ ఏర్పాటులో 29 దేశాలున్నాయి. అయితే ఇంగ్లండు అందులో లేదు. పిల్లలు లండన్‌లో ఉండి, ‘వారాంతానికి పారిస్ చూసొద్దువు గానీ’ అన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బ్రిటన్ వీసాతో పారిస్ వెళ్లనివ్వరు. ఆ రెండో వీసా ఇక్కణ్ణుంచి బయల్దేరకముందే తీసుకోవడం మంచిది. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా చూపించాలి.

పాస్‌పోర్టు అమ్మాయి ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లకండి. 2023 అక్టోబరు నుంచి జర్మనీ తన చెక్ సరిహద్దులో తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది. బస్సు ఆపి అడిగితే జిరాక్సు పనికిరాదు. అసలుది జాకెట్టు లోపలి జేబులోనో, మెడలో వేసుకునే చిన్న సంచిలోనో ఉండాలి. “అందరివీ నా దగ్గర పెడతాను” అని ఎవరైనా అన్నా ఇవ్వకండి. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి. బస్సు కింద డిక్కీలో పెట్టిన పెట్టెలో ఉంటే అవసరానికి అందవు.

ఊళ్లో దిగాక

ప్రాగ్ మన బెజవాడవాళ్లకి కొత్తగా అనిపించదు. ఊరి మధ్యగా వ్ల్తావా నది, దాని మీద పాత వంతెన, ఒడ్డున కొండ, కొండ మీద కోటా, చర్చీ. మనకి కృష్ణా, బ్యారేజీ, ఇంద్రకీలాద్రి ఉన్నట్టే. ఆ వంతెన పేరు చార్లెస్ వంతెన. పునాది వేసింది 1357లో. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో. సరిగ్గా ఆరు వందల ఏళ్ల తేడా! పొడవు అరకిలోమీటరుకు కాస్త ఎక్కువ. రెండు పక్కలా కలిపి ముప్పై విగ్రహాలు. బళ్లు తిరగవు, నడిచేవాళ్లకే. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని అక్కడివాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది.

పాత ఊరి చౌరస్తాలో 1410 నాటి గడియారం ఇప్పటికీ తిరుగుతోంది. గంట కొట్టేటప్పుడు చిన్న కిటికీల్లోంచి బొమ్మలు వరసగా కనబడతాయి. అందరూ తలెత్తి చూసే ఆ నిమిషమే జేబుదొంగలకి పండగ. తల పైకెత్తినా చెయ్యి సంచి మీద ఉండాలి.

అక్కడ చెల్లేది యూరో కాదు, కోరునా అనే చెక్ డబ్బు. వీధిలో నోట్లు పట్టుకుని ‘మార్పిస్తాం’ అనేవాళ్ల జోలికి పోకండి. కార్డు చాలాచోట్ల తీసుకుంటారు. పబ్లిక్ టాయిలెట్లకి మాత్రం కాసిని చిల్లర నాణాలు ఉంచుకోండి. దారులన్నీ రాళ్లు పరిచినవి. చీర కట్టుకున్నా ఇబ్బంది లేదు గానీ, కుచ్చిళ్లు జానెడు పైకి కట్టి బూట్లు వేసుకోండి. చెప్పులతో జారతారు.

గైడు ఖాళీ సమయం ఇచ్చినప్పుడు ఎన్నింటికి, ఎక్కడికి రావాలో కాగితం మీద రాయించుకోండి. బస్సు నంబరు, హోటలు పేరు, గైడు ఫోను నంబరు, అమ్మాయి నంబరు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఫోను చార్జింగు అయిపోయినా కాగితం పనిచేస్తుంది. జర్మనీ సిమ్ము ఉంటే అది అక్కడా పలుకుతుంది. గుంపు తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకండి. చివరిసారి అందరూ కలిసి ఉన్న చోటే నిలబడండి. నిజంగా ఆపదైతే యూరప్ యూనియన్ దేశాలన్నింట్లోనూ నంబరు 112. మన దేశంలోనూ అదే కనుక మరిచిపోయే పని లేదు.

ముందు ఇక్కడ అలవాటు చేసుకోండి

అంత దూరం వెళ్లాక మొదటిసారి ఒంటరిగా నిలబడితే గాభరా పుడుతుంది. ఆ అలవాటు ఇక్కడే చేసుకోండి. భవానీపురంలోనే బెర్మ్ పార్కు ఉంది. ఒక ఆదివారం ఎవరినీ తోడు పిలవకుండా పడవెక్కి భవానీ ఐలాండ్ వెళ్లి, ఒక్కరూ కూర్చుని టీ తాగి రండి. ఏటి ఒడ్డునే ఏళ్ల తరబడి ఉండి, పిల్లలో చుట్టాలో వచ్చినప్పుడు తప్ప ఆ దీవి ముఖం చూడని వాళ్లు మనలో ఎంతమంది! ఆ తర్వాత పంచారామాల బస్సెక్కండి. నా టిక్కెట్టు నా దగ్గరే, నా సీటు నాదే, బస్సు నంబరు నేనే గుర్తుపెట్టుకుంటాను అనే మూడు అలవాట్లూ ఒక్క రోజులో వచ్చేస్తాయి.

దారి బత్తెం

ఇండియా నుంచి వెళ్లేటప్పుడు పెట్టెలో నెయ్యి, కోడిమాంసం పచ్చడి, పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు పెట్టకండి. పాల పదార్థాలూ, మాంసమూ యూరప్‌లోకి రానివ్వరు. ఆకులకూ, చాలా రకాల పళ్లకూ సర్టిఫికెట్టు అడుగుతారు. కందిపొడి, కారప్పొడి, చింతపండు పులిహోర పేస్టు, వేయించిన అటుకులు, చెగోడీలు చాలు.

టూరు రోజుకి అమ్మాయి ఇంట్లోనే పులిహోర కలిపి తీసుకెళ్లండి. నూనె కాస్త ఎక్కువ పోసి, అన్నం బాగా ఆరాక కలిపితే సాయంత్రం దాకా పొడిపొడిగా ఉంటుంది. ఉల్లిపాయ వెయ్యకండి. వాసనకి పక్కవాళ్లు ఇబ్బంది పడతారు. శాకాహారులు అక్కడి హోటళ్లలో వేయించిన చీజు, బంగాళాదుంపలు అడగవచ్చు. అప్పడంలా ఉండే బంగాళాదుంప అట్లలో గుడ్డు కలుపుతారు, అడిగి తినండి.

డబ్బా మూత తీస్తే బస్సులో సగం మంది మీ చుట్టూ చేరతారు. అప్పుడు మాత్రం మీరు ఒక్కరే కదా అని ఎవరూ అనరు. పెట్టండి, కానీ మీకు సరిపడా ముందు తీసుకున్నాకే.