ఉక్కపోతా? వడగాలా?

జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. ఈ రుచిభేదం ఆహార విషయంలోనే కాదు, శీతోష్ణస్థితి విషయంలోనూ కనిపిస్తుంది. ఒకరికి చలి హితం, మరొకరికి వేడిమి హితం. ఎండలోనైనా పొడి ఎండను కోరేవారు కొందరు, చెమ్మగాలికి అలవాటుపడినవారు కొందరు. వేసవి రాగానే మన విద్యార్థుల నోట తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: ఈ విశాఖ ఉక్క భరించలేము, కాలిఫోర్నియాలోనో స్పెయిన్‌లోనో ఉంటే ఎంత హాయి అని. ఈ కోరికలో సబబు ఎంత, భ్రమ ఎంత అన్నది విచారింపదగిన విషయమే.

వారు కోరే ఆ వాతావరణాన్ని భూగోళ శాస్త్రజ్ఞులు మధ్యధరా శీతోష్ణస్థితి అంటారు. లోకంలో అది ప్రధానంగా ఐదు చోట్ల ఉన్నది: మధ్యధరా సముద్ర తీరదేశాలు, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం, ఆస్ట్రేలియా దక్షిణ, నైరృతి భాగాలు. వేసవిలో అధికపీడన మండలం ఆ ప్రాంతాల మీదికి జరిగి వానను అడ్డగిస్తుంది. శీతకాలంలో అది తొలగిపోగా పశ్చిమ పవనాలు వర్షాన్ని తెస్తాయి. అంటే అక్కడ ఎండలకు వాన తోడు రాదు. మన సంగతి వేరు. ఇక్కడ వేసవి ముగియకముందే సముద్రపు తేమ కమ్ముకొస్తుంది. తరువాత నైరృతి ఋతుపవనం, ఆపైన ఆశ్వయుజ కార్తికాలలో తుఫానులు.

మన భాషలు ఈ భేదాన్ని ఏనాడో గుర్తించాయి. తెలుగులో వడగాలి వేరు, ఉక్కపోత వేరు. ఉర్దూలో మొదటిది 'లూ', రెండవది 'హబ్స్'. హబ్స్ అనగా నిర్బంధమని కూడా అర్థం; గాలి బందీ అయిన స్థితి అది. ఆ మాటలోని సత్యాన్ని శాస్త్రం సమర్థిస్తున్నది. ఒక గ్రాము చెమట ఆవిరి అయ్యేటప్పుడు దేహం నుండి సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఊరకే కారిపోతుంది. అందుకే రెంటచింతల ఎండలో నడిచినవాడు నీడ చేరితే తేరుకుంటాడు. విశాఖలో అంతకంటే ఐదారు డిగ్రీలు తక్కువైనా నీడలో కూర్చున్నవాడు సైతం తడిసి ముద్దవుతాడు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపే స్థితి కొన్ని గంటలు కొనసాగితే, ఆరోగ్యవంతుడు కూడా నీడలోనే ప్రాణం నిలుపుకోలేడని షెర్వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు 2010లో ప్రతిపాదించారు.

మా మట్టుకు మేము పొడి ఎండ పక్షమే. రాయలసీమలో పెరిగినవారికి రాత్రివేళ ఆరుబయట నులకమంచం మీది చల్లగాలి తెలిసినదే. పగలు ఎంత కాగినా, చీకటి పడితే అక్కడి నేల వేడిని విడిచిపెడుతుంది. ఈ పక్షపాతం మాకు మాత్రమే చెందినది కాదు. పొడి దేశం నుండి వచ్చిన బాబరు చక్రవర్తి, హిందూస్థానపు వానకాలపు గాలిని మెచ్చుకుంటూనే, దాని చెమ్మకు తమ విల్లులు, కవచాలు, పుస్తకాలు చెడిపోతున్నవని తన ఆత్మకథలో వాపోయాడు. మన గ్రంథాలయంలో బూజుపట్టిన పుస్తకాలను చూసినవారెవరూ ఆయనను తప్పుపట్టరు.

అయితే పొడి వేసవికి చెల్లించవలసిన మూల్యం ఒకటున్నది. 2018లో కేప్‌టౌన్ నగరం కుళాయిలు ఎండిపోయే దినాన్ని లెక్కించుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం జూలైలో గ్రీసులోని మాటి వద్ద కార్చిచ్చు వందమందికి పైగా బలిగొన్నది. 2003 వేసవిలో ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15,000 మంది మరణించారు. ఒంటరిగా ఉన్న వృద్ధులే వారిలో అధికం. మన వడగాలులు మాత్రం దయగలవా? 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండువేలమందికి పైగా అసువులు బాసారు. కనుక ఏ ఎండా నిర్దోషి కాదు.

ఇక యారాడను చూడండి. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు బంగాళాఖాతం. వనభోజనానికి వెళ్ళిన మనకు అది స్వర్గతుల్యం. అక్కడి నుండి తిరిగి వచ్చి మనం విసనకర్ర క్రింద కూర్చుని ఏ దేశపు గాలి మేలని చర్చించగలం. వల లాగే జాలరికి, రేవులో బరువులెత్తే కూలీకి, ఉక్కు కర్మాగారంలో కొలిమి ఎదుట నిలిచిన కార్మికునికి ఆ చర్చకు తీరిక ఎక్కడిది? అభిరుచి అనేది ఎంచుకోగలవాని సొత్తు. ఎంచుకోలేనివానికి కావలసినది రక్షణ.

ఆ రక్షణ విషయంలో ఒక లోపం మా దృష్టికి కనిపిస్తున్నది. తీరప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు అధికమైనప్పుడు వడగాలులుగా పరిగణించడం వాతావరణ శాఖ నియమం. 35 డిగ్రీల ఉక్కదినం ఈ లెక్కలోకి రాదు. కాని దేహానికి నియమావళి తెలియదు. ఉక్కతో కూడిన వేడిమికి శాఖవారు ఇటీవల వేరుగా హెచ్చరికలు ఇస్తుండడం శుభసూచకం. పనివేళలను నిర్ణయించేవారు కూడా వేడిమితోపాటు తేమను లెక్కించే రోజు రావాలి.

పరదేశపు వాతావరణం కోరడం ఒక భ్రమ అయితే, పరదేశపు కట్టడాన్ని అనుకరించడం మరొక భ్రమ. కోర్డోబా నగరంలోని మందపాటి గోడలు, చిన్న కిటికీలు, నీటి కుండీలు గల ముంగిళ్ళు పొడి గాలికి తగినవి. హైదరాబాదులో వట్టివేళ్ళ తెరలు, కూలర్లు పనిచేసేదీ ఆ సూత్రం మీదనే. అవే ఇక్కడ తేమను మరింత పెంచుతాయి. మన తీరానికి కావలసినది గాలి ప్రసారం: ఎదురెదురు కిటికీలు, లోతైన వరండాలు, ముందుకు చాచిన చూరు. మన పాత పెంకుటిళ్ళకు తెలిసిన ఈ విద్యను అద్దాల గోడల మేడలు మరచిపోయాయి. చెట్ల సంగతి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒక్కనాటిలో కూల్చిన నీడను తిరిగి పెంచడానికి ఒక తరం పడుతుంది.

కళాశాల సంఘంవారికి మా విన్నపం ఇది. ఇకపై నిర్మించే ప్రతి గదికి సముద్రపు గాలి వచ్చే దిక్కున కిటికీ ఉంచండి. వేసవిలో తరగతులను, ఆటలను ఉదయానికి మార్చండి. ఆవరణ వెలుపల బాటసారికి, రిక్షా కార్మికునికి కూడా అందేలా ఒక చలివేంద్రం నెలకొల్పండి. విద్యార్థులారా! మీలో కొందరు రేపు కాలిఫోర్నియాకో, కువైటుకో వెళ్ళవచ్చు. అక్కడి పొడి ఎండ మీకు నచ్చవచ్చు కూడా. వెళ్ళేలోగా ఒక్కొక్కరు ఒక వేపమొక్కనో, కానుగమొక్కనో నాటి, అది నిలదొక్కుకునేదాకా నీరు పోయండి. వాతావరణాన్ని ఎంచుకునే భాగ్యం కొందరికే ఉంటుంది. నీడను పెంచే శక్తి మాత్రం మనందరికీ ఉన్నది.