చేతిపొయ్యి: ఏది కొనదగినది?

మేడారము జాతరకు కుటుంబసమేతముగా పోవువారికిని, పంట కాపలాకై పొలమున రాత్రులు గడపువారికిని, మందలతో ఊరూరు తిరుగు గొల్లలకును వంట యొక చిక్కు. మూడు రాళ్లు పేర్చి మంట వేయుట తాతలనాటి పద్ధతి. అది ఖర్చులేనిదే కాని, గాలి వీచినచో మంట ప్రక్కకు పోవును. కట్టెలోని వేడిమిలో పెద్దభాగము గిన్నెకు చేరక గాలిపాలగును. పొగ వండువారి కన్నులకును ఊపిరితిత్తులకును చేటు. మోసికొనిపోదగిన కట్టెపొయ్యిలు ఇప్పుడు అంగళ్లలో పలురకములు దొరకుచున్నవి. వానిలో మనకు తగినది ఏదియో ఆలోచింపవలసియున్నది.

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు 1953లోనే పొగలేని వంటయిండ్లను గూర్చి గ్రంథము ప్రకటించిరి. అయితే వారి పొయ్యి ఇంట కట్టుకొనునది. మనకిప్పుడు కావలసినది వెంట తీసికొనిపోవునది.

మడతపెట్టు రేకుపొయ్యి మిక్కిలి తేలిక, చౌక. కాని పలుచని రేకు వేడికి వంకరపోవును. పెద్ద గిన్నె పెట్టినచో ఒరుగును. రెండుగోడల డబ్బాపొయ్యి పొగ తక్కువగా మండును. కాని చిన్నచిన్న ఎండు ముక్కలు కొట్టి నింపుచుండవలెను. పంకాపొయ్యి మంట చక్కగా నిచ్చునుగాని బ్యాటరీ దిగిపోయిననాడు పొలమున దిక్కులేదు.

1980 తరువాత అమెరికాలో లారీ వినియార్‌స్కీ రూపొందించిన రాకెట్ పొయ్యి నాలుగవది. దీని గొట్టము మోచేయివలె వంగి, చుట్టును వేడి పోనీయని పొర కలిగియుండును. కట్టె కొన మాత్రమే మండును. వేడిగాలి నిలువు గొట్టమున పైకెగయుచు చల్లగాలిని లోనికి లాగును. కావున పొగయు చాలవరకు లోపలనే కాలిపోవును. కందికట్టె, పత్తికట్టె నరకకయే కొనలు లోనికి నెట్టుచుండవచ్చును. బరువని కొందరు ఆక్షేపింతురు. భుజమున మోయు గొల్లలకు ఆ మాట నిజమే. వారికి డబ్బాపొయ్యియే మేలు. బండిలోనో ఆటోలోనో పోవు మనకు ఆ బరువే గిన్నె ఒరగకుండ కాపాడును. కావున సంసారమునకు రాకెట్ పొయ్యియే నా యభిప్రాయము.

కొనునపుడు ఐ.ఎస్. 13152 ముద్రను అడుగుడు. 2013లో సవరింపబడిన ఆ ప్రమాణము ననుసరించి పంకా లేని పొయ్యి కట్టెలోని వేడిమిలో నూటికి 25 పాళ్లయినను, పంకాపొయ్యి 35 పాళ్లయినను గిన్నెకు అందింపవలెను. ఎంత మంచి పొయ్యియైనను పచ్చికట్టె పెట్టినచో పొగయే మిగులును.

ఒక్క హెచ్చరిక. చలికి వెరచి నిప్పులున్న పొయ్యిని గుడారములోనో, మూసిన గుడిసెలోనో ఉంచుకొని నిద్రింపరాదు. నిప్పులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఎండిన కొయ్యకాలు నడుమ పొయ్యి వెలిగింపరాదు. చుట్టును నేల చెక్కి, చెంత నీళ్లకడవ నుంచుకొనవలెను.

తలకొకటి తొందరపడి కొనుటకన్న, సంఘము ముందుగా రకమునకొకటి తెప్పించి, ఒకే గిన్నెలో ఒకే కొలత నీరుపోసి, సమానముగా తూచిన కట్టెతో కాచి చూచుట మేలు. అమ్మువాని మాటకన్న మన యెదుట కాగిన నీరే నమ్మదగిన సాక్ష్యము. వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులీ విషయమును చర్చింతురుగాక.

— ఒక సభ్యుడు