‘అఓరీత’ అంటే ఇప్పుడే అని కాదు

ఆన్‌సైట్ అనగానే మనకు డల్లాస్, లండన్ గుర్తొస్తాయి. నాకు మాత్రం మెక్సికోలోని గ్వాదలహారా వచ్చింది. హలీస్కో రాష్ట్ర రాజధాని, ఐటీ, ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు పేరున్న ఊరు. బయల్దేరే ముందు మూడు నెలలు ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకున్నా. ఒక్క రోజు కూడా మిస్ కాలేదు. ఆ ధీమాతోనే దిగాను.

మొదటి రోజే సూపర్ మార్కెట్ కౌంటర్‌లో అమ్మాయి ‘ఓకూపా బోల్సా?’ అంది. బోల్సా అంటే సంచి. ఓకుపార్ అంటే ఆక్రమించడం అని యాప్ చెప్పింది. సంచిని ఆక్రమిస్తారా అని అడుగుతోందేమిటి? తెల్లమొహం వేశా. ఆ ప్రాంతంలో ఆ మాటకు ‘కావాలా’ అని అర్థమని తర్వాత తెలిసింది. పుస్తకంలో ‘కమియోన్’ అంటే లారీ, అక్కడ సిటీ బస్సు. ఆఫీసు చాట్‌లో ‘సాలె’ అని వస్తే అతను బయటికి వెళ్తున్నాడనుకున్నా. ‘సరే’ అన్నాడంతే. ఇలాంటివి నవ్వుకుని వదిలేయొచ్చు. అన్నీ అలా వదిలేసేవి కావు.

రెండో నెలలో ఒక గురువారం. డేటాబేస్‌లో ఒక మార్పు చేయాలి, అది అక్కడి సహోద్యోగి చేతిలో ఉంది. సాయంత్రం ఆరింటికి అడిగితే ‘అఓరీత లో చెకో’ అన్నాడు. ఇప్పుడే చూస్తా అని నేను అర్థం చేసుకున్నా. అక్కడ సాయంత్రం ఆరంటే హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజాము ఐదున్నర. ‘పని జరుగుతోంది, గంటలో అయిపోతుంది’ అని హ్యాండోవర్ మెయిల్ కొట్టి రూముకెళ్లి పడుకున్నా. దాన్ని నమ్మి మనవాళ్లు నలుగురు పొద్దున్నే ఆఫీసుకొచ్చి రోజంతా ఖాళీగా కూర్చున్నారు. అతను అసలు ఆ పని ముట్టుకోనే లేదు. తర్వాతి కాల్‌లో పడాల్సిన అక్షింతలన్నీ పడ్డాయి. ‘తప్పుడు స్టేటస్ ఎందుకు పంపావు’ అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది రేటింగ్‌లో ఈ సంగతి కూడా రాశారు.

‘అఓరా’ అంటే ఇప్పుడు. దాన్ని కాస్త ముద్దు చేస్తే ‘అఓరీత’. మెక్సికోలో ఆ మాట ఈ క్షణం కావచ్చు, రాత్రి కావచ్చు, మొహమాటం కొద్దీ చెప్పిన ‘కుదరదు’ కూడా కావచ్చు. అతను అబద్ధమాడలేదు. మన దగ్గర ‘బయల్దేరా, రెండు నిమిషాల్లో అక్కడుంటా’ అన్నవాడు ఇంకా బాత్రూంలోనే ఉంటాడని మనకు తెలీదా? తెలుగులో అయితే గొంతు వినగానే పట్టేస్తాం. స్పానిష్‌లో మాత్రం డిక్షనరీ అర్థాన్ని పట్టుకుని మెయిల్ రాసేశాను.

అందుకే ‘క్లయింట్‌తో మీటింగులన్నీ ఇంగ్లిష్‌లోనే కదా, లోకల్ భాష ఎందుకు’ అనే సీనియర్ల మాట నేను ఒప్పుకోను. మీటింగ్ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. నిర్ణయం మాత్రం చాలాసార్లు మీటింగ్ ముగిశాక, కాఫీ దగ్గర, వాళ్ల భాషలో జరుగుతుంది. అక్కడ నిలబడి అర్థంకాని నవ్వొకటి నవ్వుతూ ఉండటం ఎంత ఇబ్బందో, ఇంగ్లిష్ మీడియం క్లాసులో మొదటి వారం కూర్చున్న ప్రతి పల్లెటూరి పిల్లాడికీ తెలుసు.

అయితే యాసలు, వీధి మాటలు టకటకా బట్టీపట్టి వాడేయమని చెప్పడం లేదు. అదీ చేసి దెబ్బతిన్నా. మెక్సికో కుర్రాళ్లు రెండు వాక్యాలకోసారి ‘వెయ్’ అంటారు. ‘బుయెయ్’ అంటే ఎద్దు, దాన్నుంచి వచ్చిందే ఇది. మన కాలేజీల్లో ‘మామా’, ‘రా’ లాంటిది. టీమ్‌లో నన్ను కూడా అలా పిలవడం మొదలయ్యాక ఉబ్బిపోయి, ఓ సాయంత్రం గేటు తీసిన పెద్దాయనతో ‘గ్రాసియాస్, వెయ్’ అన్నా. ఆయన ఏమీ అనలేదు. పక్కనున్న సహోద్యోగి లిఫ్ట్‌లో మెల్లగా చెప్పాడు. నాన్న వయసున్న వాచ్‌మన్‌ని ‘థ్యాంక్స్ రా’ అన్నట్టన్నమాట! మర్నాడు వెళ్లి క్షమించమని అడిగా. ఆయన నవ్వి భుజం తట్టారు గానీ, నాకు ఇప్పటికీ ఆ గేటు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నిజానికి ఈ తప్పు తెలుగువాడు చేయకూడదు. స్పానిష్‌లో ‘తూ’, ‘ఉస్తెద్’ అని రెండున్నాయి, అచ్చం మన నువ్వు, మీరు లాగే. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాడికి ఇది కొత్త పాఠం. మనకు పుట్టుకతో వచ్చిన లెక్క. నేను స్పానిష్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోవడం వల్ల ఆ లెక్క మధ్యలో జారిపోయింది. అలాగే అక్కడ మాట వినపడకపోతే ‘కే?’ అనడం మోటు, ‘మాందే?’ అంటారు. మనం పెద్దవాళ్లని ‘ఏంటి?’ అనకుండా ‘ఆఁ, చెప్పండి’ అంటామే, అలా. హోటల్లో తింటున్నవాళ్ల పక్కనుంచి వెళ్తూ ముక్కూమొహం తెలియకపోయినా ‘ప్రొవేచో’ అనడం ఇంకో మర్యాద. హాయిగా తినండి అని. ఈ ఒక్క మాటతో మా వీధిలో తోర్తా ఆఓగాదా అమ్మే ఆవిడ దగ్గర నాకు పరిచయం కుదిరింది. పంది మాంసం పెట్టిన రొట్టెను కారం సాస్‌లో ముంచి ఇస్తారు, ఆ ఊరి ప్రత్యేక వంటకం అది. రొట్టెను అందరిలా ‘బోలీయో’ అంటే ఆవిడ ఊరుకోదు, ‘బిరోతె’ అనాలి. ఆవిడ దిద్దినన్ని తప్పులు ఏ యాపూ దిద్దలేదు.

ఉచ్చారణలోనూ మనకు కలిసొస్తుంది. స్పానిష్ త, ద మన త, ద లాంటివే. ‘ఞ’ మన వర్ణమాలలో ఊరికే పడుంది, అక్కడ పనికొస్తుంది. ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. ఈ తేడా పలకడానికి అమెరికా మిత్రుడు అవస్థ పడ్డాడు, మనకు ఇట్టే వచ్చేస్తుంది. నోట్స్ తెలుగు లిపిలో రాసుకోండి. నేను ఇంగ్లిష్‌లో రాసుకుని మూడు నెలలు తప్పు పలికా.

ఇక మీరు అడగబోయేది తెలుసు. స్పానిష్ వస్తే ఉద్యోగం వస్తుందా? ఒక్క దానితోనే రాదు. కోడింగ్ రానివాడికి భాష వచ్చినా ఇంటర్వ్యూలో ఒరిగేదేమీ లేదు. కానీ రెండూ ఉన్నవాడి రెజ్యూమె వేరు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ నేర్పుతారు. ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ నిర్వహించే డెలె పరీక్ష ఏ1 నుంచి సీ2 దాకా ఉంటుంది, ఆ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు. అది పునాది. ముందు పునాది వేసుకోండి. తర్వాత వెళ్లబోయే ఊరు ఏదో చూసుకుని ఆ ఊరి మాట వినండి. మాడ్రిడ్ వీడియోలు చూసి మెక్సికో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక: స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి వాడే ‘కొహెర్’ మెక్సికోలో పచ్చి బూతు. చిలీ వెళ్తే అవకాడో పేరు కూడా మారిపోతుంది, ‘అగ్వకాతె’ కాస్తా ‘పాల్తా’ అవుతుంది.

వీధి మాటలకు నేను పెట్టుకున్న పద్ధతి చెప్తా. ఎక్సెల్ షీట్‌లో మాట, అన్నదెవరు, ఎవరితో అన్నారు. అర్థం గడి చివర్న, ఖాళీగా. కనీసం ముగ్గురి నోట విన్నాకే ఆ గడి నింపేవాణ్ని. నా అంతట నేను వాడటం ఆ తర్వాతే. ఇంకో మాట, కాస్త కష్టంగా ఉంటుంది. నలుగురు తెలుగువాళ్లం ఒకే ఫ్లాట్‌లో ఉండి, పప్పు వండుకుని, రాత్రి తెలుగు సినిమా చూసేవాళ్లం. సుఖంగానే ఉండేది. ఆ ఆరు నెలల్లో నా షీట్‌లో పట్టుమని 30 మాటలు చేరలేదు. అద్దె కాస్త ఎక్కువైనా ఒక స్థానిక కుటుంబం పైఅంతస్తులోకి మారాక రెండు నెలల్లో 200 దాటాయి.

వచ్చేసే ముందు నెలలో అదే సహోద్యోగి, అలాంటి పనే. సాయంత్రం అడిగితే మళ్లీ ‘అఓరీత’ అన్నాడు. ‘అఓరీత, లేక యా?’ అన్నా. ‘యా’ అంటే అక్కడ నిజంగా ఇప్పుడే. పగలబడి నవ్వి ‘మన్యానా, వెయ్’ అన్నాడు. హ్యాండోవర్‌లో రేపు అని రాసి పంపా.