శిక్షణ విమానం కూలితే బాధ్యత ఎవరిది? పైలట్ కోర్సుకు పంపే ముందు అడగాల్సిన ప్రశ్నలు

ఆత్మకూరు: పిల్లల్ని పైలట్ చేయాలన్న కోరిక ఇప్పుడు మన చిన్న ఊళ్లకూ వచ్చింది. 2021 నుంచి ఓర్వకల్లులో ప్రయాణికుల విమానాలు దిగుతున్నాయి. ఫ్లయింగ్ స్కూళ్లకు చోటిచ్చేందుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయిన సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలుసు. ఆశ పడటంలో తప్పేం లేదు. కానీ ఈ చదువులో ప్రాణానికి రిస్క్ ఉంది. దాని గురించి అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మన చుట్టుపక్కల జరిగినవే

2019 అక్టోబర్ 6న బేగంపేట నుంచి బయలుదేరిన సెస్నా శిక్షణ విమానం వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర పొలంలో కూలింది. ఇద్దరు ట్రైనీలు చనిపోయారు. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఒంటరిగా ఎగిరిన ఒక మహిళా ట్రైనీ నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో ప్రాణం కోల్పోయారు. ఆమె నడిపింది సెస్నా 152. 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర వైమానిక దళం శిక్షణ విమానం కూలి ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ మరణించారు.

ఆత్మకూరు వాళ్లకు ఆకాశ ప్రమాదం అంటే 2009 సెప్టెంబర్ 2 గుర్తొస్తుంది. ఆ రోజు నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలింది. నల్లకాలువలో స్మృతివనం ఆ జ్ఞాపకమే. అది శిక్షణ విమానం కాదు, నడిపింది అనుభవమున్న ఇద్దరు పైలట్లు. అయినా భారీ మేఘాలు, అదే సమయంలో గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీదికి మళ్లిన దృష్టి కలిసి ప్రమాదానికి దారి తీశాయని విచారణ తేల్చింది. అంత అనుభవం ఉన్నవాళ్లకే అలా అయితే, 50 గంటలు ఎగిరిన కుర్రాడి సంగతేంటి?

రిస్క్ ఎక్కడ ఉంది

కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే బాధ్యత మొత్తం తన మీదే పెట్టుకుని నడపాలి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా వెళ్లే సోలో ఇందులో తప్పదు. పైగా విమానం చిన్నది, ఇంజిన్ ఒక్కటే. సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఎగిరే ప్రతి సెస్నా 152 వయసూ 40 దగ్గర్లో లేదా పైనే. పాతదైనంత మాత్రాన ప్రమాదకరం అనలేం, మెయింటెనెన్స్ సరిగా ఉంటే నడుస్తుంది. ఆ 'సరిగా' అన్నది ఎవరు చూస్తున్నారన్నదే ప్రశ్న.

చూడాల్సింది డీజీసీఏ. వరుస ఘటనల తర్వాత 2023 అక్టోబర్‌లో బారామతిలో శిక్షణ ఇస్తున్న రెడ్‌బర్డ్ సంస్థ అనుమతిని సస్పెండ్ చేసింది. 2025 అక్టోబర్‌లో తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇచ్చింది. 35 సంస్థల్లో ఒక్కదానికీ ఏ ప్లస్ గానీ, ఏ గానీ రాలేదు. 13 బీ కేటగిరీలో, 22 సీ కేటగిరీలో ఉన్నాయి. లక్షలు కట్టే తల్లిదండ్రులు మొదట చూడాల్సిన కాగితం ఇదే.

ప్రమాదం జరిగితే విచారించేది ఏఏఐబీ. దాని పని కారణం కనిపెట్టడం, మళ్లీ జరగకుండా సూచనలు చేయడం. ఎవరిది తప్పు, ఎవరు నష్టపరిహారం కట్టాలి అన్నది అది తేల్చదు. అది కోర్టు పని.

డబ్బు, బీమా

కోర్సు ఖర్చు తేలిగ్గా అర కోటి దాకా వెళ్తుంది, టైప్ రేటింగ్ అదనం. చాలా ఇళ్లలో ఇది కువైట్ సంపాదనో, అమ్ముకున్న ప్లాటో. వడ్డీ లోన్ వద్దనుకునే కుటుంబాలకు ఇంకా కష్టం. ఇంత పెట్టాక పిల్లాడికి ఏమైనా అయితే? టికెట్ కొన్న ప్రయాణికుడికి చట్టం ప్రకారం పరిహారం ఉంటుంది. ట్రైనీ ప్రయాణికుడు కాదు. మామూలు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు కూడా టికెట్ ప్రయాణికుడిగా తప్ప విమానంలో జరిగే ప్రమాదాన్ని సాధారణంగా కవర్ చేయవు. కాబట్టి అంతా స్కూల్ తీసుకున్న పాలసీ మీదే ఆధారపడి ఉంటుంది.

ఫీజు కట్టే ముందు ఇవి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి:

- డీజీసీఏ కేటగిరీ ఏది? గత ఐదేళ్లలో ఎన్ని ప్రమాదాలు జరిగాయి?
- ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలు ఎన్ని? ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది విద్యార్థులు?
- వాతావరణం బాగాలేకపోతే సోలో ఆపే నిర్ణయం ఎవరిది?
- బీమాలో ట్రైనీ పేరు ఉందా? ఎంత మొత్తం?
- మధ్యలో స్కూల్ సస్పెండ్ అయితే ఫీజు వాపసు ఇస్తారా?

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ లేని పిల్లలు ముందు ఆ సబ్జెక్టులు పాస్ కావాలి. క్లాస్ వన్ మెడికల్ కూడా డబ్బు కట్టకముందే చేయించుకోవడం మేలు. అందులో ఫెయిలైతే కట్టిన ఫీజంతా వృథా.

తవక్కుల్ ఉండాలి. కానీ ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మనకు నేర్పారు. పెళ్లి సంబంధానికి పది ఇళ్లు విచారించే మనం, పిల్లల ప్రాణం అప్పగించే స్కూల్ గురించి ఐదు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకూడదు. జవాబు చెప్పని స్కూల్‌కు ఫీజు కట్టకండి.