యూరియా బస్తా కొనం, ఇల్లు మాత్రం మొత్తం కొనుక్కుని కడతాం



ఆత్మకూరు, నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా నిలబడి ఉన్న మిద్దె ఇళ్లను పై వీడియోలో చూపించాను. గోడ మందం, దూలాలు, బండల కప్పు, వెలుతురు కోసం పైన వదిలిన గవాక్షి, అన్నీ అందులో కనబడతాయి. వీడియోలో చెప్పడానికి వీలుకాని లెక్క ఒకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనం పొలంలో ఒక పద్ధతి, ఇల్లు కట్టుకునేటప్పుడు దానికి పూర్తిగా ఎదురు పద్ధతి పాటిస్తున్నాం. పొలానికి కావలసింది పొలంలోనే, ఆవు దగ్గరే దొరుకుతుందని నలుగురికీ చెప్తాం. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి జీవామృతం కలుపుకుంటాం. బస్తా యూరియా కూడా కొనం. అదే ఇల్లు అనేసరికి సిమెంటు బయటి నుంచి, కమ్మీలు బయటి నుంచి, ఇసుక బయటి నుంచి, ప్లాను బయటి నుంచి, డబ్బు కూడా బయటి నుంచే. పదేళ్లు కష్టపడి సేద్యంలో తగ్గించుకున్న ఖర్చు ఒక్క ఏడాదిలో ఇంటి రూపంలో వెనక్కి వస్తుంది.

వడ్డీ లెక్క

మన సీమలో వడ్డీని నూటికి ఇంత అని నెల లెక్కన చెప్పుకుంటాం. నూటికి రెండు రూపాయలంటే పెద్ద వడ్డీ కాదనే అనుకుంటాం. ఇంటికి 8 లక్షలు ఆ వడ్డీకి తెచ్చామనుకోండి. నెలకు 16 వేలు, ఏడాదికి 1 లక్షా 92 వేలు. 50 నెలలు తిరిగేసరికి అసలు ఎంతో వడ్డీ కూడా అంత కట్టి ఉంటాం. అసలు అట్లాగే ఉంటుంది.

ఐదెకరాల మెట్ట రైతు ఏడాదికి 1 లక్షా 92 వేలు వడ్డీకే తీయాలంటే ఏం చేస్తాడు? ముందు ఆవును అమ్ముతాడు. తర్వాత కలిపి వేసే పంటలు మానేసి, త్వరగా డబ్బు కనబడే ఒకే పంట వేస్తాడు. దానికి పురుగు పడితే మందు కొట్టకుండా ఆగే ధైర్యం ఉండదు. చివరికి ఎకరా, రెండెకరాలు పోతాయి. రైతు ప్రకృతి వ్యవసాయం వదిలేశాడని విన్నప్పుడు దిగుబడి రాలేదేమో అనుకుంటాం. చాలాసార్లు కారణం పొలంలో ఉండదు. ఇంటి మీద ఉన్న బాకీలో ఉంటుంది. అందుకే ఇంటి ప్లాను కూడా వ్యవసాయం సంగతే అంటున్నాను.

శ్రీశైలం ముంపు ఊళ్లు చూపిన సంగతి

ఇల్లు కట్టుకోవడం ఎంత కష్టమో మన ప్రాంతానికి వేరే ఎవరో చెప్పక్కర్లేదు. శ్రీశైలం ఆనకట్టకు 1963లో పునాది పడింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు ముంపులో పోయాయి. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. వేల కుటుంబాలు ఉన్నపళంగా కొత్త చోట, కొత్త మట్టి మీద ఇల్లు కట్టుకోవాల్సి వచ్చింది. పరిహారం డబ్బు ఇంటికి పెడితే భూమికి లేదు, భూమికి పెడితే ఇంటికి లేదు.

ఆ కాలం చూసిన పెద్దోళ్లను అడిగితే ఒక మాట చెప్తారు. దూలం, తలుపు, బండ విప్పి బండికెత్తుకుని పోయినవాళ్లకు కొత్త ఊళ్లో సగం ఇల్లు చేతిలో ఉన్నట్టే. రాయి, కట్టె, మట్టి, సున్నంతో కట్టినదాన్ని విప్పవచ్చు, మళ్లీ వాడుకోవచ్చు. కృష్ణా, తుంగభద్ర కలిసే చోట ముంపులో పడిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు మనం పోసే కాంక్రీటు స్లాబును కూలగొడితే మిగిలేది కంకర కుప్ప, వంగిపోయిన కమ్మీలు.

మన రాయి మనకే సిమెంటై వస్తోంది

మనం ఉండేది సున్నపురాతి సీమ. బేతంచెర్ల బండలు, కడప బండలు, తాడిపత్రి బండలు దేశమంతా పోతాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఆ రాయి కోసమే. ఆ రాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, పొడి చేసి, బస్తాలో నింపి మళ్లీ మనకే అమ్ముతారు. ఆ రాయినే రాయిగా వాడుకుంటే క్వారీ కూలి, రవాణా, మేస్త్రీ కూలి మాత్రమే అవుతుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం మన మండలంలోనే తిరుగుతుంది.

పాత మిద్దె కట్టినవాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. అడుగున్నర మందం రాతి గోడకు పగటి ఎండ లోపలికి దిగడానికి చాలా గంటలు పడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు మే నెలలో సాయంత్రానికి కాగిపోయి, రాత్రంతా మన మీదికే సెగ వదులుతుంది. అందుకే స్లాబు ఇంటివాళ్లు రాత్రి మిద్దె మీదికెక్కి పడుకుంటారు. ఇక చౌడు సంగతి. పొలంలో చౌడు అంటే మనకు భయం. నీళ్లు ఇంకనివ్వదు. ఆ గుణాన్నే మన పెద్దలు కప్పుకు వాడారు. తడిస్తే మట్టి రేణువులు విడిపోయి సందులు పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. నల్లమలలో దొరికే కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి గానుగ సున్నం మెత్తగా నూరేవాళ్లు. జీవామృతంలో బెల్లం వేసే మనకు ఇది వింతేం కాదు.

పాతదంతా మంచిదని అనడం లేదు

"ఏమప్పా, ఈ కాలంలో మట్టి మిద్దె ఏంది? పిల్లను ఎవరిస్తారు?" అని అడిగేవాళ్లున్నారు. అడగడంలో న్యాయం ఉంది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు స్లాబు ఉందా లేదా అని చూస్తారు. చౌడు కప్పును ఏటా వానలకు ముందు సరిచేసుకోవాలి. పట్టించుకోని మిద్దె ముసురు వానకు కూలి మనుషుల ప్రాణాలు తీసిన సంగతులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి.

2009 అక్టోబర్ మొదట్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కర్నూలు నగరం నీట మునిగింది. నీళ్లలో నానిన మట్టి గోడలు నిలబడలేదు. కాబట్టి వాగు పక్కన, నది పక్కన మట్టి గోడ పెట్టమని నేను చెప్పను. పాత వరద గుర్తు ఎక్కడిదాకా ఉందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, దానిపైకి రాతి అరుగు లేపాలి. అది కుదరకపోతే స్థలమే మార్చుకోవాలి.

సిమెంటు మనకు శత్రువేం కాదు. పునాది మీద తేమ ఎక్కకుండా వేసే పట్టీకి, కిటికీల పైన చుట్టూ తిరిగే లింటెల్ బెల్టుకు, నీళ్ల తొట్టికి వాడుకోవచ్చు. ఎక్కడ తప్పదో అక్కడ వాడాలి. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో మట్టిని 5 శాతం వరకు సిమెంటుతో కలిపి, యంత్రంతో నొక్కి, కాల్చకుండా ఇటుకలు చేస్తున్నారు. కేరళలో లారీ బేకర్ ఇటుకలను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడలు కట్టించి, దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగిల్చారు. ఆ ఖాళీ వల్ల వేడి కూడా తగ్గుతుంది. ఇవి కూడా మన పద్ధతికి దగ్గరివే. ఇప్పటికే స్లాబు వేసుకున్నవాళ్లు దాని మీద తెల్ల సున్నం పూత వేసినా తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ తెల్ల కప్పుల కోసమే.

ఏది ముందు, ఏది తర్వాత

ఇంటి ప్లాను మొదలుపెట్టాల్సింది హాలు దగ్గర కాదు, నీళ్ల దగ్గర. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 55 వేల లీటర్లు. అందులో 40 వేలు పట్టినా 200 డ్రమ్ముల జీవామృతానికి చాలు. కప్పు వాలు, గొట్టాలు, తొట్టి మొదట్లోనే గీసుకుంటే ఖర్చు తక్కువ. తర్వాత అతికిస్తే రెట్టింపు పని.

రెండోది నేల. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెరలు విచ్చుతుంది. దాని మీద పైపైన పునాది వేస్తే ఎంత సిమెంటు పోసినా గోడ చీలుతుంది. రేగడి దాటి గరుసు తగిలేదాకా తవ్వాలి. రేగడి మరీ లోతుగా ఉంటే ఇంజనీరుకు చూపించకుండా ముందుకు పోవద్దు. ఎర్రనేలలో, బండపరుపు మీద ఈ బాధ తక్కువ. ఒకే పొలంలో రెండు రకాల నేల ఉంటే రేగడిని శనగకు వదిలి, ఇల్లు గరుసు మీద పెట్టుకోండి.

మూడోది కాలం. శనగ డబ్బు చేతికొచ్చాక, తొలకరికి ముందు మనకు మూడు నాలుగు నెలలు దొరుకుతాయి. అదే కాలంలో బోర్లు దిగిపోతాయి. కాంక్రీటుకు రెండు వారాలు నీళ్లు పట్టాల్సింది ఆ ఎండలోనే. ట్యాంకరు నీళ్లు కొని తడిపే ఇంటికి ఖర్చు ఎవరూ ముందుగా రాసుకోరు. మట్టి పనికి ఆ ఎండే మేలు చేస్తుంది. గోడ వానలకు ముందే ఆరిపోతుంది.

నాలుగోది దిక్కు. వాస్తు చూసేవాళ్లను అడగండి, నేను వద్దనను. ఎండను కూడా అడగండి. మధ్యాహ్నం తర్వాత పడమటి గోడే ఎక్కువ కాగుతుంది. అటు కిటికీలు తగ్గించి, కొట్టమో, వసారానో, వేప చెట్టో పెట్టుకోవాలి. చెట్టు మాత్రం గోడకు దూరంగా ఉండాలి. రేగడిలో అయితే ఇంకా దూరం.

ఐదోది ఆవు, విత్తనం. 2020 డిసెంబర్‌లో మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో పల్లెల్లో కుటుంబానికి సెంటున్నర లెక్క పెట్టారు. అంటే సుమారు 650 చదరపు అడుగులు. తలదాచుకోను చోటు లేనివాళ్లకు అది పెద్ద ఆసరా, కాదనను. కానీ అందులో ఆవును ఎక్కడ కట్టాలి? గడ్డివామి ఎక్కడ? ఘనజీవామృతం నీడలో ఎక్కడ ఆరబెట్టాలి? రైతు ఇంటికి కొలత మంచాలతో కాదు, పనులతో తీయాలి. సొంత స్థలం ఉన్నవాళ్లు కూడా టౌను ఇంటి ప్లాను తెచ్చి అచ్చంగా దించుతున్నారు. హాలుంటుంది, విత్తనాల గది ఉండదు. నవధాన్యాల విత్తనాలు బాత్‌రూమ్ పైన అటక మీద మగ్గుతుంటాయి.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి పెట్టుకోండి. ఒకటి నిండాక మూసి రెండోది వాడతాం. ఏడాది, ఏడాదిన్నర దాటాక మొదటి గుంతలో మిగిలేది వాసన లేని ఎరువు. గుంతలు తాగునీటి బోరుకు దూరంగా ఉండాలి. స్నానాల నీళ్లు అరటి మొక్కలకు మళ్లించండి.

కొద్దికొద్దిగా కట్టుకుందాం

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మొత్తం ఇల్లు ఒకేసారి కట్టాలన్న పట్టుదలే మనల్ని అప్పులోకి తోస్తోంది. మొదటి ఏడాది తొట్టి, కొట్టం. రెండో ఏడాది ఒక గది, వంటిల్లు, వసారా. మూడో గదికి గోడలో ఇప్పుడే రాళ్ల పళ్లు వదిలిపెడితే, డబ్బు ఉన్నప్పుడు కలుపుకోవచ్చు. కాంట్రాక్టుకిచ్చే ఇంట్లో ఇది కుదరదు. రాయి, మట్టి పనిలో కుదురుతుంది. ప్రభుత్వ పథకంలో ఇల్లు వచ్చినవాళ్లు బిల్లు ఏ దశలో ఎంత వస్తుందో సచివాలయంలో ముందే కనుక్కుని, దానికి తగినట్టు పని నడుపుకోండి. మిగతాది వడ్డీకి తేవద్దు.

మేస్త్రీల సంగతి కూడా ఆలోచించాలి. గానుగ సున్నం, చౌడు కప్పు పని చేతిలో ఉన్నవాళ్లు చాలా ఊళ్లలో అరవై దాటినవాళ్లే. విత్తనం పోగొట్టుకున్నట్టే పని కూడా పోగొట్టుకుంటాం. మీ ఊళ్లో అట్లాంటి మేస్త్రీ ఉంటే ముందు చిన్న పని చేయించండి. విత్తనాల గదో, కొట్టం గోడో. ఇద్దరు కుర్రవాళ్లను పక్కన పెట్టండి.

ఇక ప్లాను గీసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి గీయండి. పొయ్యి దగ్గర నిలబడేది, నీళ్లు మోసేది, విత్తనం దాచేది, తెల్లవారుజామున పేడ ఎత్తేది వాళ్లే. కొట్టానికీ వంటింటికీ మధ్య ఇరవై అడుగులు ఎక్కువైతే అది ఎన్ని వందల మైళ్ల నడక అవుతుందో వాళ్లకు తెలుసు, మేస్త్రీకి తెలియదు.

రేపు ఎవరైనా ప్లాను కాగితం తెచ్చి ముందు పెడితే మూడే ప్రశ్నలు అడగండి. దీనికి పొలం తాకట్టు పెట్టాలా? ఆవుకు చోటు ఉందా? వాన నీళ్లు ఎటు పోతాయి? మూడింటికీ సరైన జవాబు వచ్చాకే ముగ్గు పోయండి.