పుస్తెలతాడుకు బీమా ఏదీ?

పంటకు బీమా, పశువుకు బీమా అంటే రైతుకు అంతో ఇంతో తెలుసు. తెలంగాణలో 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చాక, ఇంటి పెద్ద పోతే కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయన్న సంగతీ ఊరూరా తెలిసింది. మరి బీరువాలోని పుస్తెలతాడు పోతే? ఆడపిల్ల పెళ్లికని కూడబెట్టిన నాలుగు తులాలు పోతే? ఎకరం, రెండెకరాల రైతుకు భూమి తర్వాత ఆస్తి అదే. ఎరువుల కోసం బ్యాంకులో కుదువ పెట్టేదీ అదే. దానికి మాత్రం తాళంచెవే దిక్కు.

పాలమూరు నుంచి మాదాపూర్, గచ్చిబౌలి వైపు కట్టడం పనులకు పోయే కుటుంబాలున్నాయి. పంట పనులు అయిపోగానే ఇంటికి తాళం వేసి బస్సెక్కుతారు. నగలు రేకుల షెడ్డుకు తీసుకుపోలేరు, ఊళ్లో వదిలిపోలేరు. విచిత్రమేమంటే, దేశంలోని బీమా కంపెనీలన్నిటిపైనా పెత్తనం చేసే బీమా నియంత్రణ సంస్థ కార్యాలయం ఆ పక్కనే నానక్‌రాంగూడలో ఉంది.

ఆ సంస్థ ఆదేశం మీదే 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' పాలసీ వచ్చింది. మంచి పాలసీయే. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద అన్నీ అందులో ఉన్నాయి. ఇంటికి బీమా చేస్తే సామానుకూ అందులో 20 శాతం, పది లక్షలకు మించకుండా, దానంతటదే వర్తిస్తుంది. కానీ నగలు ఆ లెక్కలోకి రావు. విడిగా అడిగి, అదనంగా ప్రీమియం కట్టాలి. ఇక దొంగతనం సంగతి. వరదో, అగ్నిప్రమాదమో జరిగిన ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఈ పాలసీ పనిచేస్తుంది. మామూలు రాత్రి కన్నం వేస్తే పైసా రాదు. దానికి చోరీ బీమా వేరే తీసుకోవాలి. అమ్మే ఏజెంటు ఈ ముక్క చెప్పకపోతే మీరే అడగండి.

మొత్తం నగల బీమా 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు ఉంటే విలువ ధ్రువపత్రం అక్కర్లేదన్నారు. 2021లో పది గ్రాముల బంగారం యాభై వేల చుట్టుపక్కల ఉండేది. 2025లో లక్ష దాటింది. అంటే తులంన్నర గొలుసుకు కూడా కాగితం తేవాల్సిందే. పేదవాడికి ఇచ్చిన సడలింపు ధర పెరిగేసరికి ఆవిరైపోయింది. ఆ లక్ష పరిమితిని పెంచాలి. ఫారాలు తెలుగులో, సహకార సంఘం కౌంటరు దగ్గరే దొరకాలి. పంట రుణానికి వచ్చిన రైతు అక్కడే అడిగి తీసుకునేట్టుండాలి.

చోరీ బీమాలో ఇంకో మెలిక ఉంటుంది. నాలుగు లక్షల నగలకు రెండు లక్షలకే బీమా చేస్తే, లక్ష రూపాయల సొత్తు పోయినా చేతికొచ్చేది యాభై వేలే. ఇల్లు ఎన్నాళ్లు తాళం వేసి ఉంచవచ్చో కూడా ఆ పత్రంలోనే రాసుంటుంది. వలస పోయేవాళ్లు ముందు అది చదివించుకోవాలి.

బ్యాంకు లాకరయినా గుడ్డిగా నమ్మేది కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనమో, అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లే. వెయ్యి రూపాయల అద్దెకు లక్ష అన్నమాట.

నగలు కొన్న రసీదులు, ఫొటోలు ఇంట్లో కాక మరోచోట పెట్టండి. చోరీ జరిగితే వెంటనే పోలీసులకూ, కంపెనీకీ తెలపాలి. కంపెనీ తిప్పలు పెడితే 155255కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకపోతే హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు.