తలుపు తెరిచినవాడిని మతమడిగే ముందు



‘అతిథి’ అనే మాటకు వ్యుత్పత్తి మీలో చాలామందికి తెలిసిందే. రాకకు తిథినియమం లేనివాడు అతిథి. విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరవచ్చే విద్యార్థికి ఈ మాట సరిగా అతకదు. వాడు ఏ రోజున రావాలో ప్రవేశపత్రం మీదనే ఉంటుంది. ర్యాంకు తెచ్చుకొని, రుసుము కట్టి, హక్కుతో వస్తున్నాడు. అయినా వచ్చిన రోజున వాణ్ణి పలకరించే దిక్కుండదు. తిథి తెలిసి వచ్చేవాణ్ణే ఆదరించలేని మనం, తిథి తెలియనివాడు దేవుడితో సమానమని తరగతి గదుల్లో పాఠాలు చెప్పుకొంటున్నాం. నేనూ ముప్పై ఏళ్ళకు పైగా చెప్పాను. ఈ టపా దాని గురించే.

సంగతి ఇది. హైదరాబాదులో చదువుకొంటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు అక్కడి క్రైస్తవ విద్యార్థి బృందమొకదానిలో సభ్యుడు. కొత్తగా చేరే పిల్లల కోసం వాళ్ళు ఎనిమిది పుటల చిన్న పుస్తకం తయారుచేసి, భాష సరిదిద్దమని నాకు పంపారు. సరిదిద్దాను. అంతటితో ఆగక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి పట్నం వెళ్ళే పిల్లల తల్లిదండ్రులకు ఆ పుస్తకాన్ని నా చేతులతో ఇస్తున్నాను. నేను క్రైస్తవుణ్ణి కాను. నిత్యం దీపం వెలిగించి, పోతన భాగవతం పారాయణ చేసుకొనేవాణ్ణి. “తెలుగు సారుకు ఈ వయసులో ఈ బుద్ధి ఎందుకు పుట్టింది? కిరస్తానోళ్ళకు ఏజెంటు అయ్యిండా?” అని ఊళ్ళో అంటున్నారు. ముఖాన అన్నవారు కొందరు, వెనుక అన్నవారు ఎక్కువమంది. అందరికీ ఇక్కడే సమాధానం చెబుతున్నాను.

ముందు ఆ పుస్తకంలో ఏముందో వినండి. సూర్యాపేట బస్సెక్కిన పిల్ల ఎల్.బి.నగర్‌లో దిగి, ఉప్పల్ మీదుగా తార్నాకకు ఎలా చేరాలో ఉంది. టి.సి., కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఎన్నెన్ని నకళ్ళు దగ్గర ఉంచుకోవాలో ఉంది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఎలా నింపాలో ఉంది. తరగతులు మొదలైనా హాస్టలు గది దొరకని రోజుల్లో ఎవరిని అడగాలో ఉంది. ర్యాగింగు జరిగితే ఫిర్యాదు చేయవలసిన 1800-180-5522 అనే సంఖ్య పెద్ద అక్షరాలతో ఉంది. చివరి పుటలో బృందం పేరు, ఆదివారం ప్రార్థన జరిగే చోటు, ఇష్టమైతే రావచ్చుననే ఒక వాక్యం ఉన్నాయి. మన ఊరిని కలవరపెట్టినది ఆ చివరి పుట. మొదటి ఏడు పుటలను ఎవరూ చదివినట్టు లేదు.

మొదటి ఆక్షేపణ: ఇది ఎర, సాయం పేరుతో మతం మార్చే ఎత్తు.

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది. ప్రచారం చేసే హక్కులో ఇతరుణ్ణి మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఆక్షేపించేవారు రెండవదాన్నే చదువుతారు, ఉత్సాహవంతులైన ప్రచారకులు మొదటిదాన్నే చదువుతారు. తన విశ్వాసం ఇదని చెప్పి పిలవడం ప్రచారం. గది చూపిస్తాను, కానీ ప్రార్థనకు రావాలనడం బేరం. ఈ తేడా కనిపెట్టడానికి పాండిత్యం అక్కరలేదు. చివరి పుట చించివేసినా మొదటి ఏడు పుటల సాయం యథాతథంగా అందుతుందా? అందితే అది సాయమే. ఈ పరీక్ష పెట్టిన తరువాతే నేను ఆ పుస్తకాన్ని చేతబట్టాను.

పైగా విశ్వవిద్యాలయంలో చేరేవారిలో చాలామందికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటాయి. శాసనసభ్యుణ్ణి ఎన్నుకొనే తెలివి వారికి ఉందని ఒప్పుకొన్నాం. ఒక కరపత్రం చదివి రావాలో మానాలో తేల్చుకొనే తెలివి లేదంటామా? ఎనిమిది పుటలకు కదిలిపోయేటంత బలహీనమైన విశ్వాసం ఇచ్చి పంపామనుకొంటే ఆ లోపం పెంపకానిది, పుస్తకానిది కాదు.

రెండవ ఆక్షేపణ: మన పిల్లల్ని ఆదరించడానికి వాళ్ళెవరు, మనం లేమా?

ఈ ప్రశ్నే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. మనం ఉన్నాం, నిజమే. ఎక్కడున్నాం? ఒకప్పుడు ఉండేవాళ్ళం. నిజాం కాలంలో తెలుగు చదువుకు నీడ కరువైన హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయం వెలసింది. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టలు స్థాపించారు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టలులో పనిచేసినవారే. పల్లె నుండి వచ్చే పిల్లవాడికి పట్నంలో ఒక పెద్దదిక్కు ఉండాలని ఆనాటివారు గ్రహించారు. తరువాత ఎవరి కులానికి వారు వసతిగృహాలు కట్టుకొన్నారు. మంచిదే. కులసంఘానికి స్థోమత లేని పిల్లవాడి మాటేమిటి? తుంగతుర్తి వైపు ఏ గూడెం నుంచో తన ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కే పిల్ల మాటేమిటి? ఆమె కోసం మన ఆలయ కమిటీ ఏం చేసింది? మన పూర్వవిద్యార్థి సంఘం ఏం చేసింది? ఏటా శాలువాలు కప్పుకొని భోజనాలు చేయడం తప్ప!

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధించే చట్టం 1997లోనే వచ్చింది. 2009లో యు.జి.సి. దేశమంతటికీ నియమావళి చేసింది. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికి, సాయం కావాలంటే ఎవరిని అడగాలో తెలిపే ముద్రిత పత్రం ఇచ్చి తీరాలని ఆ నియమావళిలోనే ఉంది. అంటే ఆ చిన్న పుస్తకం ఎవరో కిరస్తానీలు కనిపెట్టిన ఎత్తు కాదు. సంస్థలు తామే చేయవలసిన విధి. పట్నం వెళ్ళివచ్చిన నా శిష్యులను అడిగి చూశాను. అలాంటి కాగితం చేతికందిందని చెప్పినవాడు ఒక్కడూ నాకు తారసపడలేదు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద, ఆత్మహత్యల మీద 2025 మార్చిలో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్ గారి అధ్యక్షతన జాతీయ కార్యదళాన్నే నియమించవలసి వచ్చింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇంత కలత చెందుతున్న వేళ, ఒంటరిగా దిగిన పిల్లవాణ్ణి పలకరించిన నోరు ఏ మతానిదని మనం విచారణ జరుపుతున్నాం.

మూడవ ఆక్షేపణ: ఇది పరదేశపు పద్ధతి, మన నేలది కాదు.

సూర్యాపేట నుండి డోర్నకల్లు ఎంత దూరం? తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య యువకుడిగా వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా విద్యార్థుల మధ్య పనిచేసి, 1909లో డోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చుకొని మన మధ్య స్థిరపడ్డారు. 1912లో డోర్నకల్లు బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన దేవాలయంలో హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు కలిసి కనబడతాయి. 1910లో ఎడింబరో మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి ఆయన అడిగిందేమిటో తెలుసునా? డబ్బు కాదు, త్యాగం కూడా కాదు. మీరు మాకు స్నేహితులు కావాలి, అది మాత్రం మీరు ఇవ్వడం లేదని ముఖాన చెప్పారు. పరదేశీయుల పెత్తనాన్ని అంత సూటిగా నిలదీసినవాడిని మన పొరుగున పెట్టుకొని, క్రైస్తవమంతా దొరల చలామణీ అనడం చరిత్ర తెలియక అనే మాట. ఇండియాలో విద్యార్థుల మధ్య పనిచేసే యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ కూడా 1954లో, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఏర్పడినదే.

మన సంగతి చూడండి. పెద్దగట్టు జాతరకు వెళ్ళినవారే జాన్‌పహాడ్ ఉర్సుకు వెళతారు. మఠంపల్లి చర్చి మనకు కొత్తది కాదు. తెలుగు పండితుడిగా ఇంకొక మాట. మన అందరి బల్లల మీద ఉన్న బ్రౌను నిఘంటువు 1852లో మద్రాసులో క్రైస్తవ జ్ఞాన సంఘం వారి ముద్రాలయంలో అచ్చయింది. దాన్ని తెరవని తెలుగు పండితుణ్ణి నేను చూడలేదు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన జాషువ కూడా తెలుగు పండితుడే. ఆయన యువకుడిగా వినుకొండలో పద్యాలు చదివితే ఆదరించవలసిన సభ ఆయన కులమడిగి అవమానించింది. కొత్తగా వచ్చినవాడిని వాకిట్లో నిలబెట్టి కులమతాలు విచారించడం మన పాతజబ్బు. పద్యం ఎంత గొప్పదైనా ఆ జబ్బును కుదర్చలేకపోయింది.

ఇక అమెరికా. మన మూడు పట్టణాల్లోనూ అక్కడ ఎం.ఎస్. చదివే పిల్ల లేని వీధి అరుదు. విమానాశ్రయంలో ఎదురొచ్చిందెవరు, మొదటి నెల పరుపు, బల్ల, కుర్చీ ఇచ్చిందెవరు, పండుగరోజున భోజనానికి పిలిచిందెవరు అని వారిని అడగండి. తెలుగు సంఘాలవారి పేరుతో పాటు పక్క చర్చివారి పేరు కూడా తరచుగా వింటారు. విదేశీ విద్యార్థులను ఆదరించడమే పనిగా 1953 నుండి ‘ఇంటర్నేషనల్ స్టూడెంట్స్’ అనే క్రైస్తవ సంస్థ అక్కడ పనిచేస్తున్నది. ఆ పరుపు మీద పడుకొన్న పిల్లవాడి తండ్రి “వాళ్ళు ఎంత మంచివారండీ” అని నాతో మురిసిపోయాడు. ఆయనే ఇక్కడ తార్నాకలో దారి చూపే పుస్తకాన్ని చూసి ముఖం చిట్లించాడు. డల్లాసులో పుణ్యమైనది తార్నాకలో పాపం ఎలా అవుతుందో నేను చదివిన తర్కశాస్త్రంలో లేదు. ఇచ్చినవాడు తెల్లవాడైతే దయ, మన మాలపల్లెవాడైతే ఎత్తుగడ అన్నదే లోపలి మాటైతే, దాన్ని మతరక్షణ అని పిలవకండి. దానికి వేరే పేరుంది, అది మనందరికీ తెలుసు.

ఆక్షేపించేవారికి చెప్పవలసింది చెప్పాను. ఆ బృందంలోని పిల్లలకూ మూడు మాటలు చెప్పాను, ఇక్కడా దాచను.

మొదటిది, మీ పేరు చివరి పుటలో కాదు, అట్ట మీద వేయండి. స్నేహం అయ్యాక పేరు చెబుతామంటే ఆ స్నేహం మీద అనుమానం రాక తప్పదు. రెండవది, ప్రార్థనకు రానని చెప్పినవాణ్ణి మరునాడు కూడా అంతే నవ్వుముఖంతో పలకరించండి. మీ సాయానికి అసలు పరీక్ష ఆ మరునాడే. ఇంటి దగ్గర వాడి తల్లి పూజించే దేవుళ్ళను చిన్నబుచ్చే మాట ఒక్కటి మీ నోట రాకూడదు. మూడవది భాష. మీ మొదటి ప్రతిలో ‘సహవాసములో ఆనందించుడి’ అని రాశారు. కొత్తగా వచ్చిన పిల్లకు అది పిలుపులా కాక ప్రసంగంలా వినిపిస్తుంది. ‘మాతో కూర్చుని టీ తాగండి’ అని మార్చాను. ఆ పిల్లలు మూడింటికీ ఒప్పుకొన్నారు. అట్ట మీద పేరు వేశారు. అందుకే అది ఈనాడు నా సంచిలో ఉంది.

మన ఊరి పెద్దలకు చివరిగా ఒక మనవి. ఆ పుస్తకం నచ్చకపోతే ఇంకొకటి రాయండి. ఆలయ కమిటీ రాయవచ్చు, గ్రంథాలయం వారు రాయవచ్చు, ఉపాధ్యాయ సంఘం రాయవచ్చు. ఎనిమిది పుటలే, పెద్ద ఖర్చు కాదు. పట్నంలో ఉన్న మన ఊరివారు నలుగురు తమ ఫోను నంబర్లు ఇస్తే చాలు. తెలుగు నేను సరిదిద్దుతాను, ప్రతిఫలం అక్కరలేదు. అది కూడా ఈ సంచిలోనే పెట్టుకొని ఇంటింటికీ ఇస్తాను. రెండు పుస్తకాలు అందిన పిల్లవాడికి నష్టమేమీ లేదు. ఒక్కటీ అందనివాడి గురించే నా దిగులు. వచ్చే ప్రవేశాల నాటికి మీ పుస్తకం సిద్ధం కాకపోతే మాత్రం, ఉన్నదాన్ని పంచుతున్న నన్ను ఆపకండి.